తెలుగింటి భోజనం, పెరటి కాపు నిల్వలు

తెలుగు ఇళ్లలో రోజూ వండుకునే భోజనానికి రెండు ఆధారాలున్నాయి. ఒకటి ఆ పూట పెరట్లో కోసుకున్న, లేదా బజారులో కొన్న తాజా కూర. రెండోది కాపు విరగకాసిన రోజుల్లో ఉప్పు, ఎండ, నూనె సాయంతో దాచిపెట్టుకున్న సరుకు. ఊరగాయలు, ఒరుగులు, వడియాలు, చల్లమిరపకాయలు, చింతపండు, కారం, పొడులు ఈ కోవలోకి వస్తాయి. వీటిని అన్నంలో నంచుకునే చిల్లర వస్తువులుగా చూడటం అలవాటైపోయింది గానీ, అది న్యాయమైన లెక్క కాదు. పాత పాదులు ఎండిపోయిన నడివేసవిలో, కొత్త పాదులు ఇంకా కాపుకు రాని ఆషాఢంలో, ముసురు పట్టి గడప దాటలేని రోజుల్లో కంచాన్ని నింపింది ఇవే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇళ్లలో ఈ రెండు రకాల తిండీ ఒకదానికొకటి ఎలా అల్లుకున్నాయో, ఏ కాపును ఏ పద్ధతిలో నిలవ చేస్తారో, ఆ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కంచంలో ఏముంటుంది

కోస్తా జిల్లాల్లో మధ్యాహ్న భోజనం పప్పు, కూర, పచ్చడి, పులుసు లేదా చారు, పెరుగు అనే వరుసలో సాగుతుంది. మొదటి ముద్దలో కందిపొడో కరివేపాకు పొడో వేసుకుని నెయ్యి పోసుకుంటారు. చివర పెరుగన్నంలోకి మాగాయో ఆవకాయో ఉండాలి. తెలంగాణ పల్లెల్లో జొన్నరొట్టె, గటక, పచ్చిపులుసు, పప్పు, వాటికి తోడు మామిడికాయ తొక్కో చింతకాయ తొక్కో ఉంటాయి. రాయలసీమలో రాగిసంగటితో ఆకుకూర పప్పు, ఊరిబిండి తింటారు. ఉత్తరాంధ్రలో పులుసుల్లో బెల్లం పాలు ఎక్కువ, ఆవపెట్టిన కూరల మీద మక్కువ ఎక్కువ. పొద్దున్నే చద్దన్నం తినే అలవాటు ఒకప్పుడు అన్ని ప్రాంతాల్లోనూ ఉండేది. పొలానికి వెళ్లే మనిషి సద్దిమూటలో అన్నం, ఉల్లిగడ్డ, ఊరగాయ ముక్క తప్ప మరేమీ ఉండేవి కావు.

నిలవ సరుకుకూ తాజా వంటకూ జోడీలు స్థిరపడిపోయాయి. ముద్దపప్పు వండిన రోజు ఆవకాయ తీస్తారు. పప్పుచారు కాచిన రోజు గుమ్మడి వడియాలు వేయిస్తారు. మజ్జిగ పులుసుకూ పెరుగన్నానికీ చల్లమిరపకాయలు కావాలి. మాంసాహారం తినే ఇళ్లలో ఎండు రొయ్యలు పెరటి తోటకూరతోనో గోంగూరతోనో కలిసి కూరవుతాయి, పప్పుచారు పక్కన ఉప్పుచేప చేరుతుంది. అంటే ఈ పూట ఏం వండాలో నిర్ణయించేటప్పుడు ఇల్లాలి చూపు కూరల బుట్ట మీద ఎంత ఉంటుందో జాడీల అటక మీదా అంతే ఉంటుంది.

కూర వండే తీరులోనూ దాచుకునే బుద్ధే కనిపిస్తుంది. కాయలో ఏ భాగమూ వృథాగా పోదు. బీరకాయ లోపలి కండ కూరవుతుంది, చెక్కిన పొట్టు నువ్వులో పచ్చిమిర్చో చేర్చి నూరితే పచ్చడవుతుంది. ఆనపకాయ తొక్కకూ అదే దారి. తోటకూర ఆకు వేపుడుకు, ముదిరిన కాడలు పులుసుకు. అరటి చెట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు: కాయ వేపుడు, పువ్వు ఆవపెట్టిన కూర, దూట పెరుగుపచ్చడి, ఆకు విస్తరి. రోటి పచ్చడి ఈ పొదుపులోంచి పుట్టిన వంటకమే. దొండకాయ, వంకాయ, దోసకాయ, టమాటో, ఏది నాలుగు ముక్కలు మిగిలినా ఎండుమిర్చి, చింతపండు, మినప్పప్పు వేయించి నూరితే ఒక పూట గడుస్తుంది. తెలుగు వంటకు గుండెకాయ ఏదని అడిగితే ఊరగాయ అని చాలామంది అంటారు. ఈ వ్యాసకర్త మాత్రం రోటి పచ్చడి వైపే మొగ్గుతాడు, ఎందుకంటే నిలవ చేసిన చింతపండు, కారం, ఇంగువ అప్పుడే కోసిన కాయను కలుసుకునేది ఆ రోట్లోనే.

పెరడు

జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి పడగానే పెరట్లో గింజలు నాటుతారు. బీర, పొట్ల, కాకర, ఆనప, గుమ్మడి పాదులకు పందిరి వేస్తారు, లేదా పాక మీదికి, గోడ మీదికి పాకిస్తారు. దొండపాదు, బచ్చలి తీగ ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉంటాయి. చిక్కుడు తీగ చలి ముదిరితేగాని పూత పట్టదు, సంక్రాంతి నాటికి గుత్తులు గుత్తులుగా కాస్తుంది. గోంగూర, తోటకూర, చుక్కకూర, పాలకూర మళ్లలో చల్లుతారు. కరివేప, మునగ, నిమ్మ, ఉసిరి దడి పక్కన పెరుగుతాయి. అంట్లు తోమిన నీళ్లు, స్నానాల నీళ్లు పారే చోట అరటి, చామ నాటడం పాత ఏర్పాటు.

పాదు ఒక్కసారి కాపు పట్టిందంటే ఇంటిల్లిపాదీ తిన్నా తరగదు. అలాంటప్పుడు మొదట చేసే పని ఇరుగుపొరుగుకు పంచడం. ఈ వారం మన బీరకాయలు వాళ్లింటికి, వచ్చే వారం వాళ్ల పొట్లకాయలు మనింటికి. నిలవ చేసే పద్ధతుల గురించి రాసేవాళ్లు దీన్ని వదిలేస్తుంటారు గానీ, పచ్చి కూరగాయ పాడవకుండా చూసుకోవడానికి ఇంతకంటే తేలికైన మార్గం లేదు.

కొన్నిటిని ఏమీ చేయకుండానే దాచవచ్చు. ముదిరిన బూడిద గుమ్మడికాయ మీద మైనం లాంటి తెల్లని పొర ఉంటుంది. అది లోపలి నీటిని ఆవిరి కానివ్వదు, అందుకే తొడిమ ఊడకుండా కోసి గాలి తగిలే చోట పెడితే కాయ నెలల తరబడి చెక్కుచెదరదు. తీపి గుమ్మడి, కంద, పెండలం కూడా అంతే. దోసకాయలను తాటితో కట్టి దూలానికి వేలాడదీసేవారు. విత్తనాలకు కట్టుబాటు వేరు. పాదుకు మొదట్లో కాసిన మంచి కాయ ఒకదాన్ని కోయకుండా తీగ మీదే ఎండనిస్తారు, గింజలు తీసి బూడిదలో కలిపి దాస్తారు. కందిపప్పు, మినుముల డబ్బాల్లో ఎండిన వేపాకు వేస్తారు. ఫిబ్రవరి నుంచి కొత్త చింతపండు వస్తుంది. దాన్ని గింజ, ఈనె తీసి, ఎండబెట్టి, రాళ్ల ఉప్పు చల్లి కుండలో అదిమి పెడితే ఏడాది వాడుకోవచ్చు.

పులుపున్నది జాడీలోకి

తెలుగు ఇళ్ల నిలవ పద్ధతులు పైకి లెక్కలేనన్ని కనిపించినా వాటి వెనక స్థూలంగా ఒకే నియమం ఉంది. స్వతహాగా పుల్లగా ఉన్న కాయ, ఆకు జాడీలోకి వెళ్తాయి. పులుపు లేనివి ఎండలోకి వెళ్తాయి. మామిడి, నిమ్మ, దబ్బ, ఉసిరి, చింత, గోంగూర, టమాటో మొదటి జాతి. కాకర, వంకాయ, గోరుచిక్కుడు, గుమ్మడి, మిరప రెండోది. ఈ విభజనను ఆధునిక ఆహార శాస్త్రం కూడా సమర్థిస్తుంది. ఆమ్లతను కొలిచే పీహెచ్ 4.6 కంటే తక్కువ ఉన్న పదార్థంలో బోటులిజం విషాన్ని పుట్టించే బ్యాక్టీరియా పెరగలేదు. పచ్చి మామిడికాయ పీహెచ్ 3 దరిదాపుల్లో ఉంటుంది. దానికి ఉప్పు తోడైతే కుళ్లబెట్టే క్రిములకు దారి మూసుకుపోతుంది, పైన తేలే నూనె గాలి తగలనివ్వక బూజును ఆపుతుంది. దొండకాయ, వంకాయ, కాలీఫ్లవర్ ఊరగాయలు పెట్టేవాళ్లు నిమ్మరసమో చింతపండో విధిగా కలుపుతారు, అయినా వాటిని ఏడాది ఉంచాలని చూడరు.

ఆవకాయ ఏప్రిల్ చివరి నుంచి మే నెలాఖరు దాకా పెడతారు. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె మొదలయ్యాక కాయ లోపల రంగు తిరుగుతుంది, పులుపు తగ్గుతుంది, వాన పడితే కాయ నీరెక్కుతుంది. అందుకే ఆలోగా పని ముగించాలని తొందరపడతారు. చిన్నరసాలు, జలాలు, పీచున్న నాటు కాయలు ఆవకాయకు శ్రేష్ఠం. కొత్తపల్లి కొబ్బరిని మాగాయకు, ఆవకాయకు రెండింటికీ కోరుకుంటారు. కాయలను కడిగి, పొడి గుడ్డతో తడి లేకుండా తుడిచి, పీటకు బిగించిన కత్తితో టెంకతో సహా కొడతారు. జీడి తీసేయాలి, జీడి మీది పలుచని పొర కూడా తీసేయాలి, కానీ టెంక ప్రతి ముక్కకూ అంటి ఉండాలి. టెంక ఊడిన ముక్క నెల తిరగకముందే మెత్తబడుతుంది.

ఆవాలను ఎండబెట్టి పొడి చేస్తారు, వేయించరు. దీని వెనక చక్కని కారణం ఉంది. ఆవగింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఉంటుంది. గింజ నలిగి తడి తగలగానే మైరోసినేజ్ అనే ఎంజైము దాన్ని విడగొట్టి, ముక్కుకెక్కే అల్లైల్ ఐసోథయోసైనేటును పుట్టిస్తుంది. బూజును, చాలా రకాల సూక్ష్మజీవులను అణిచిపెట్టేది ఈ ఘాటే. ఆవాలు వేయిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది, ఆవకాయకు ఆవ ఘాటు రాదు. కొత్తావకాయ కళ్లలో నీళ్లు తెప్పించి, మూడు నాలుగు వారాలకు నెమ్మదించడానికి కారణం కూడా ఇదే. ఆ ఘాటు నిలకడ లేనిది, రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతుంది.

సాధారణ లెక్క ముక్కలు నాలుగు కొలతలకు ఆవపిండి ఒకటి, కారం ఒకటి, ఉప్పు ఒకటికి కొంచెం తక్కువ. గుప్పెడు మెంతులు వేస్తారు. పాతవాళ్లు గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచాల్లో కొలిచేవారు: 4 గిద్దలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక, 4 మానికలు కుంచం. గిన్నె ఏదైనా ఒకటే కొలత వాడితే లెక్క తప్పదు. నువ్వుల నూనె కలిపి జాడీలోకి ఎత్తి, మూతి మీద శుభ్రమైన గుడ్డతో వాసెన కడతారు. మూడో రోజు తిరగకలపడం తప్పనిసరి. అప్పటికి ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగి ఊట దిగుతుంది, ముక్క కారం పీల్చుకుంటుంది, ఉప్పు చాలిందో లేదో నాలుకకు తెలుస్తుంది. చాలకపోతే కలపడానికి అదే అదను. తరవాత నూనె ముక్కల పైన తేలేలా పోస్తారు. పెసరావకాయ, నువ్వావకాయ, బెల్లం ఆవకాయ, వెల్లుల్లి ఆవకాయ, శనగలు వేసిన ఆవకాయ దీని శాఖలు. తెలంగాణలో అల్లం, వెల్లుల్లి ముద్ద దట్టంగా పట్టించడం ఎక్కువ.

మాగాయలో ఎండ, ఉప్పు రెండూ పనిచేస్తాయి. కాయ తొక్క తీసి కండను పలుచగా తరిగి, ఉప్పు, పసుపు కలిపి మూడు రోజులు కదపకుండా ఉంచుతారు. ముక్కలను గట్టిగా పిండి చాపల మీద ఆరబోస్తారు, పిండిన ఊటను పళ్లెంలో పోసి విడిగా ఎండలో పెడతారు. ముక్క పైన పొడిబారి లోపల మెత్తగా ఉండగా ఊటలో మళ్లీ వేసి, కారం, వేయించిన మెంతుల పొడి కలిపి, ఇంగువ పోపు పెడతారు. నీరు సగం ఎండలోనే పోతుంది కనుక మాగాయకు నూనె అంతగా అక్కర్లేదు. టెంకలను కూడా పారేయకుండా అందులోనే ఊరేస్తారు. పెరుగన్నంలో మాగాయ టెంక చీకడం ఎరిగినవాళ్లకు వివరించి చెప్పవలసింది లేదు.

మిగతా పచ్చళ్లకూ తిథులున్నాయి. కార్తీకంలో ఉసిరికాయ మొదలవుతుంది. దాన్ని ముక్కలుగానూ పెడతారు, ఉప్పు, పసుపుతో దంచి నల్లపచ్చడిగానూ దాస్తారు. పుష్యమాసానికి చింతకాయ గింజ ముదరక ముందే దొరుకుతుంది. దాన్ని ఉప్పు, పసుపు వేసి తొక్కి, రెండు మూడు రోజులయ్యాక ఈనెలు, గింజలు ఏరి, మళ్లీ తొక్కి జాడీలో పెడతారు. ఇది పచ్చడి కాదు, పచ్చడికి మూలధనం. కావలసినప్పుడల్లా ఇంత తీసి పచ్చిమిర్చితోనో ఎండుమిర్చితోనో నూరి పోపు పెట్టుకుంటారు. మాఘంలో పండుమిరపకాయలు వస్తాయి, వాటిని ఉప్పు, చింతపండుతో తొక్కితే కొరివికారం. గోంగూరను, తెలంగాణ వాడుకలో పుంటికూరను, కడిగి నీడలో పూర్తిగా ఆరబెట్టి నూనెలో మగ్గించి ఎండుమిర్చితో దంచుతారు. ఎర్రకాడ గోంగూరకు పులుపెక్కువ, నిలవకు అదే మేలు. టమాటోకు మాగాయ పద్ధతే వాడతారు, ఉప్పులో ఊరిన ముక్కలను పిండి ఎండబెట్టి, ఊటలో చింతపండు నానేసి రెంటినీ కలిపి రుబ్బుతారు. వేసవిలో మదనపల్లె మార్కెట్టు నుంచి టమాటోలు ముంచెత్తి ధర పడిపోయిన వారాల్లో ఊళ్లలో ఈ పని జోరుగా సాగుతుంది.

పులుపు లేనిది ఎండలోకి

సంక్రాంతి తరవాత ఎండ గట్టిపడుతుంది, గాలిలో తేమ తగ్గుతుంది. అప్పటి నుంచి చైత్రం దాకా డాబాల మీద మంచాలు, చాపలు, పాత చీరలు పరుస్తారు. వంకాయ, కాకర, గోరుచిక్కుడు, చిక్కుడు, దోస, మామిడి ముక్కలుగా తరిగి ఎండబెడితే ఒరుగులు. కాకరకాయకు ముందు ఉప్పు, పసుపు, కొందరు మజ్జిగ పట్టించి చేదు పిండుతారు. గోరుచిక్కుడును ఒక పొంగు ఉడికించి ఆరబెడితే రంగు నిలుస్తుంది. ఒరుగులు గలగలమన్నాకే డబ్బాకెత్తాలి. లోపల చెమ్మ మిగిలితే వానాకాలంలో బూజు పడుతుంది, బూజు పట్టిన దాన్ని కడిగి ఎండబెట్టి వాడుకోకూడదు. సరిగా ఎండని మిరపకాయల్లో, వేరుశనగల్లో పెరిగే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని విడుస్తుంది. అది వండినా పోదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పుల్లనిదైనా ఎండలోకి వెళ్లేది మామిడి ఒరుగు, దాన్ని పప్పులోనూ పులుసులోనూ చింతపండుకు బదులుగా వేస్తారు. చలికాలంలో మామిడికాయ పప్పు తినడానికి వేరే ఉపాయం ఉండేది కాదు.

గుమ్మడి వడియాల పని రెండు రోజులకు సాగుతుంది. సాయంత్రం బూడిద గుమ్మడికాయను సన్నగా తరిగి, ఉప్పు, పసుపు కలిపి గుడ్డలో మూటగట్టి, పైన పొత్రమో బండో పెడతారు. తెల్లవారేసరికి నీరంతా కారిపోతుంది. రాత్రే నానేసిన మినప్పప్పును పొట్టు కడిగి, నీళ్లు వీలైనంత తక్కువ పోసి గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర చేర్చి గుమ్మడి ముక్కలతో కలుపుతారు. ఎండెక్కే వేళకు తడిపి పిండిన పాత చీర మీద ఉసిరికాయంత ముద్దలు వరసగా పెట్టుకుంటూ పోతారు. పిండి జారుగా ఉంటే వడియం పరుచుకుపోయి అట్టలా ఎండుతుంది, గట్టిగా ఉంటే గుండ్రంగా నిలబడి వేగినప్పుడు గుల్లగా పొంగుతుంది. మర్నాడు చీర వెనక వైపు నీళ్లు చిలకరించి ఒక్కొక్కటే ఒలిచి తిరగేస్తారు. మరో రెండు మూడు ఎండలు పడితే డబ్బాలోకి. కాకుల కాపలా పిల్లల వంతు.

చల్లమిరపకాయలకు పుల్లటి మజ్జిగ కావాలి. లావు మిరపకాయలకు పొడవునా చిన్న గాటు పెట్టి, ఉప్పు కలిపిన మజ్జిగలో వేస్తారు. పగలు తీసి ఎండబెడతారు, రాత్రి అదే మజ్జిగలో నానబెడతారు. మజ్జిగంతా కాయలు తాగేదాకా ఇది సాగుతుంది. ఇక్కడ మిరపకాయకు లేని పులుపును మజ్జిగలోని లాక్టిక్ ఆమ్లం ఇస్తుంది, అంటే జాడీ పద్ధతి, ఎండ పద్ధతి రెండూ ఒకే కాయలో కలిశాయి.

పండిన మామిడికి తాండ్ర ఉంది. రసాన్ని బెల్లంతోనో పంచదారతోనో కలిపి చాపల మీద పొర మీద పొరగా ఎండబెడతారు. గోదావరి తీరంలోని ఆత్రేయపురం, విజయనగరం జిల్లాలోని భీమాలి దీనికి పేరుమోసినవి.

పూర్వాపరాలు

ఈ అలవాట్లు ఎంత పాతవో చెప్పడానికి మంచి సాక్ష్యం శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో ఉంది. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన ఈ రాజు, శ్రీవిల్లిపుత్తూరులోని విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టిన భోజనాలను ఋతువులవారీగా వర్ణించాడు. ముసురు పట్టిన రోజుల్లో వరి అన్నం, పప్పు, నాలుగైదు పోపు కూరలతో పాటు వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి వడ్డిస్తారు. వేసవికి నీరుచల్ల, ఊరగాయలు. చలికాలానికి మిరియాల పొడి చల్లిన వేడి కూరలు, ముక్కుకెక్కే ఆవపచ్చళ్లు. కథ జరిగింది తమిళదేశంలోనే అయినా విస్తరి మాత్రం తెలుగువాళ్లకు బాగా తెలిసినదే. ఇందులో గమనించాల్సింది, కారానికి మిరియాలే తప్ప మిరపకాయ లేదు. మిరప అమెరికా ఖండపు మొక్క, పోర్చుగీసు ఓడల్లో మన తీరాలకు చేరింది. కాబట్టి ఆవ, ఉప్పు, ఊరేయడం, ఎండబెట్టడం చాలా పాతవి. ఎర్రని ఆవకాయ మాత్రం ఆ తరవాత తయారైనదే. టమాటో మన వంటింట్లోకి రావడం మిరప కంటే ఇంకా ఆలస్యం. ఈనాడు గుంటూరు మిర్చియార్డు, భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం, వరంగల్ చపాటా మిర్చి లేకుండా తెలుగువాళ్ల పచ్చడిని ఊహించలేం. చపాటాలో ఘాటు తక్కువ, రంగు ఎక్కువ, కాబట్టి ఊరగాయకు కావలసిన ఎరుపు కోసం దాన్ని కలుపుతారు.

కొలతలు తల్లి నుంచి కూతురికి నోటిమాటగానే అందేవి. పట్నాల్లో వేరు కాపురాలు పెరిగాక అచ్చు పుస్తకం అవసరమైంది. ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనం శీర్షిక నడిపిన మాలతీ చందూర్ రాసిన ‘వంటలు-పిండివంటలు’ ఆ అవసరం తీర్చిన పుస్తకాల్లో అగ్రగామి. కొత్తగా కాపురానికి వెళ్లే అమ్మాయి సామానులో అది ఉండటం తరాల పాటు చూశాం.

ఎవరి చాకిరీ

ఈ సంపదంతా ఆడవాళ్ల రెక్కల మీద నిలబడింది. మే నెల ఎండలో వందల కాయలు తుడవడం, కారం దంచడం, రోలు తిప్పడం, డాబా మెట్లు ఎక్కి దిగడం తేలిక పని కాదు, దానికి కూలి లెక్క ఎవరూ కట్టలేదు. ఊరగాయ చుట్టూ మడి కట్టుబాట్లు కూడా పెరిగాయి. ఫలానా కులంవాళ్లు జాడీ తాకకూడదన్నారు, ముట్టయిన స్త్రీ దగ్గరికి వెళ్తే పచ్చడి పాడవుతుందన్నారు. ఇది పచ్చి అబద్ధం, పైగా అవమానం. ఊరగాయను పాడుచేసేది తడి గరిటె, చాలని ఉప్పు, ముక్కల కిందికి దిగిపోయిన నూనె. పొడి చేయి ఎవరిదైనా ఒక్కటే. ఈ నియమాల్లో పనికొచ్చేది పరిశుభ్రత ఒక్కటే, మిగతాది వదిలించుకోవలసిందే.

ఇదే చాకిరీ కొందరికి బతుకుతెరువు కూడా అయింది. భర్త పోయిన ఆడవాళ్లు, ఆసరా లేని కుటుంబాలు పచ్చళ్లు పెట్టి, వడియాలు ఎండబెట్టి ఇంటింటికీ అమ్ముకుని పిల్లల్ని చదివించిన ఉదంతాలు ప్రతి ఊళ్లోనూ వినిపిస్తాయి. పశ్చిమ గోదావరి ప్రాంతపు ఉసులుమర్రు ఊరు మొత్తం పచ్చళ్ల వ్యాపారానికి పేరు తెచ్చుకుంది. 1980లో ప్రియా ఫుడ్స్ వచ్చాక సీసా ఊరగాయ సంస్థల వ్యాపారంగా స్థిరపడింది. స్వగృహ పేరుతో దుకాణాలు పట్నాల్లో వీధివీధినా వెలిశాయి, డ్వాక్రా సంఘాల మహిళలు కూడా ఈ రంగంలోకి వచ్చారు.

ఉప్పు సంగతి

నిలవ పదార్థాల మీద న్యాయమైన ఫిర్యాదు ఒకటే, ఉప్పు. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 1958 నుంచి హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలు కూడా ఊరగాయలు, అప్పడాలు మితంగా తినమనే చెబుతాయి. అలాగని ఇంట్లో పెట్టే ఆవకాయలో ఉప్పు సగానికి తగ్గిస్తే రక్తపోటు తగ్గడం అటుంచి జాడీ మొత్తం చెడుతుంది. తగ్గించాల్సింది కంచంలో వేసుకునే ముక్క పరిమాణాన్ని. ఉప్పు తక్కువగా కావాలనుకునేవాళ్లు కొద్దికొద్దిగా పెట్టుకుని ఫ్రిజ్‌లో ఉంచుకోవడం క్షేమం. పులుపు లేని పచ్చి వెల్లుల్లి, బెండ, చిక్కుడు లాంటివి నూనెలో ముంచి బయట నిలవ చేయడం మాత్రం ప్రమాదం, నూనె గాలిని ఆపి బోటులిజం క్రిమికే మేలు చేస్తుంది. పుల్లని వాటికి రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రలు పనికిరావు. పింగాణీ జాడీకి ఇప్పటికీ సాటి వచ్చేది గాజు సీసా ఒక్కటే.

ఇప్పటి పెరడు

అపార్టుమెంట్లలో పెరడు లేదు, ఎండ తగిలే డాబా అందరిదీ. అయినా పెరటి సాగు వేరే రూపంలో తిరిగి వచ్చింది. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు శివారులోని తన ఇంటి మీద పెంచి చూపించి, పుస్తకం రాసి ప్రచారం చేసిన మిద్దెతోట ఎందరినో కదిలించింది. తొట్లలో గోంగూర, బచ్చలి, టమాటో, దొండ బాగా వస్తాయి. కాపు కొద్దికొద్దిగా వస్తుంది కాబట్టి కుంచాల లెక్కలు పోయి, అరకిలో పచ్చడి పెట్టుకుని ఫ్రిజ్‌లో నెల రోజులు వాడుకోవడం వచ్చింది. చింతకాయ తొక్కు, ఉసిరి పచ్చడి లాంటివి ఈ పద్ధతికి బాగా లొంగుతాయి. వడియాలు మాత్రం లొంగవు, వాటికి నిఖార్సైన ఎండ కావాల్సిందే.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు సమస్య మరో రకం. అక్కడి చలి రాష్ట్రాల్లో గోంగూర, ఆనప, బీర మే నెల తరవాతే నాటాలి, తొలి మంచు పడితే ఒక్క రాత్రిలో మాడిపోతాయి. అందుకే సెప్టెంబరులో ఆకంతా దూసి, నూనెలో మగ్గించి, చిన్న పొట్లాలుగా ఫ్రీజరులో పెట్టి ఏడాదంతా పప్పులోకి వాడుకుంటారు. పచ్చి మామిడికాయ సరిగా దొరకని చోట పుల్లటి ఆకుపచ్చ ఆపిల్‌తో ఆవకాయ కలుపుతారు. పులుపు సరిపోతుంది గానీ టెంక లేదు కనుక ముక్క కొద్ది వారాలకే మెత్తబడుతుంది, ఫ్రిజ్‌లోనే ఉంచాలి. నవంబరులో బజారు నిండా వచ్చే క్రాన్‌బెర్రీలకు మన చింతకాయంత పులుపు, వగరు ఉంటాయి. వాటిని నూనెలో మగ్గించి, మెంతిపిండి, కారం, ఇంగువ పోపుతో నిలవ పచ్చడి పెట్టడం, పప్పులో వేయడం ఇప్పుడు అక్కడి తెలుగిళ్లలో మామూలు వంటే.